బిడ్డ లేని బాలింత

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి మా చిన్న మేనత్త కూతురు గుడివాడ నుంచి ఫోన్ చేసింది. "వదినా, నువ్వప్పుడు ఆఫీసుకి ఏదో లెటర్ రాశావంట కదా, అది నాకు పంపుతావా?" అంది. ఇంకేం చెప్పలేదు. పద్దెనిమిది రోజుల క్రితం దానికి 33 వారాలకే కాన్పయింది. బాబు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయాడు. ఇప్పుడు వాళ్ళ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చిందట: "బాబు లేడు కాబట్టి మెటర్నిటీ లీవు వర్తించదు, ఆరు వారాలు ఇస్తాం, తర్వాత జాయినవ్వండి" అని.

నా పాత మెయిల్ వెతికి పంపాను. పంపాక నిద్ర పట్టలేదు. ఇది రాయాలని మూడేళ్ళ నుంచీ అనుకుంటున్నాను. రాయబోయినప్పుడల్లా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేదాన్ని. దాని గొంతు విన్నాక ఇక ఆగాలనిపించలేదు.

మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు హోల్‌సేల్‌గా అమ్మే ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. అందరం కలిపి నలభై మందిమి ఉంటాం. 2023 మార్చిలో ఇయర్ ఎండింగ్ పని నడుస్తున్నప్పుడు నాకు ఏడో నెల. కుర్చీకి దిండు పెట్టుకుని టాలీలో ఎంట్రీలు కొట్టేదాన్ని. ఏప్రిల్ 9 సాయంత్రం అన్నం తిన్నాక పాప రోజూ తన్నే సమయానికి తన్నలేదు. పంచదార నీళ్ళు తాగి, ఎడమ పక్కకి తిరిగి పడుకుని, చెయ్యి వేసుకుని లెక్కపెట్టాను. మర్నాడు పొద్దున స్కానింగ్‌లో డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ స్క్రీన్‌ని నా వైపు నుంచి కొంచెం పక్కకి తిప్పడం చూశాను. అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. లోపల బిడ్డ పోతే ఆపరేషన్ చేసి తీసేస్తారనుకున్నాను. కాదు, కాన్పు చేస్తారు. నొప్పులు రావడానికి మందు పెడతారు. నాకు మందు పెట్టిన తర్వాత పంతొమ్మిది గంటలు పట్టింది. పక్క గదిలో వేరే అమ్మాయికి కాన్పయి బిడ్డ ఏడుపు వినిపించింది. నాకు ఏప్రిల్ 11 తెల్లవారుజామున అయింది. కుట్లు పడ్డాయి. పాప ఒక కిలో 420 గ్రాములు. వేళ్ళకి గోళ్ళు ఉన్నాయి. నర్సు "చూస్తావామ్మా?" అని అడిగింది. మా అత్తగారు వద్దన్నారు, నేను చూస్తానన్నాను. ఆకుపచ్చ బట్టలో చుట్టి తెచ్చింది. చేతికి కట్టిన కాగితం మీద "బేబీ ఆఫ్" అని, పక్కన నా పేరు ఉంది. మా ఆయన, మా మామయ్య తీసుకెళ్ళి పూడ్చిపెట్టి వచ్చారు. ఎక్కడో నాకు చాన్నాళ్ళు చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా అమ్మ నన్ను బాలింతలాగే చూసింది. ఆ విషయం ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. నడుముకి కట్టు కట్టింది. చెవుల్లో దూది పెట్టింది. వేడినీళ్ళు పోసి సాంబ్రాణి పట్టింది. పొద్దున్నే కాయం ముద్ద, మధ్యాహ్నం శొంఠిపొడి అన్నం. వెల్లుల్లి కారం మాత్రం పెట్టలేదు. వెల్లుల్లి తింటే పాలు పడతాయి కదా. నోరు తెరిచి ఆ మాట అనలేదు, సీసా మాత్రం కనిపించకుండా పై అరలో పెట్టేసింది.

అయినా పాలు పడ్డాయి. మూడో రోజు రాత్రి నిద్రలేచేసరికి జాకెట్టు తడిసి ఉంది. ఇలా జరుగుతుందని నాకు ఆసుపత్రిలో ఎవ్వరూ చెప్పలేదు. పాలు ఆపడానికి మాత్ర ఉంటుందని, కాన్పయిన మొదటి రోజే వేసుకుంటే సరిపోతుందని తర్వాత తెలిసింది. ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా అవసరం పడితే, డిశ్చార్జికి ముందే డాక్టర్ని అడగండి. మొహమాటపడకండి. నాకైతే రొమ్ములు రాళ్ళలా అయిపోయి, చెయ్యి ఎత్తలేక, జ్వరం వచ్చింది. మా అమ్మమ్మ మైలవరం మల్లెలు తెప్పించింది. అప్పుడు సీజను. మొగ్గలు దండగా కట్టి, పాత పంచె చింపి రొమ్ములకి చుట్టింది. అవి వాడిపోగానే మళ్ళీ కొత్తవి. నాలుగు రోజులు అలా మార్చింది. గదంతా పెళ్ళి ఇంట్లో వాసన. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. అది పాతకాలం చాదస్తం అనుకున్నాను గానీ, వెల్లూరులో డాక్టర్లు మల్లెపూలని పాలు తగ్గించే మందుతో పోల్చి చూసి 1988లో వైద్యపత్రికలో రాశారని మా పిన్ని చెప్పింది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఎవరికీ నేను బాలింతనా కాదా అన్న అనుమానం రాలేదు. చదువుకోని మా అమ్మమ్మకి కూడా. కాన్పయిన ఒంటికి ఏం కావాలో వాళ్ళకి తెలుసు. ఆ అనుమానం వచ్చింది ఆఫీసుకి.

ఐదో వారంలో హెచ్ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి మంచిదే, నాకంటే చిన్నది. "మేడమ్, మీ మిస్క్యారేజ్ లీవు వచ్చే వారంతో అయిపోతుంది. మంగళవారం నుంచి రావచ్చు కదా?" అంది. మిస్క్యారేజ్. ఆ మాట విని నేను ఏమీ అనలేకపోయాను. సరేనన్నాను. అదే రోజు మా మేనేజర్ గారు కూడా చేసి, "ఇంట్లో కూర్చుంటే ఇంకా బాధమ్మా, ఆఫీసుకొస్తే మనసు మళ్ళుతుంది, పాప కూడా లేదు కదా చూసుకోవడానికి" అన్నారు. ఆయన నా మంచి కోరే అన్నారు. కానీ అప్పటికి నాకు కుట్ల దగ్గర ఇంకా సలుపు తగ్గలేదు. పది నిమిషాలు కూర్చుంటే నడుము పట్టేసేది. లెక్కలు చూసే మనిషిని, కిరాణా చీటీ కూడిక కూడా తప్పు వేస్తున్నాను.

పిన్ని ఆ సాయంత్రం వచ్చింది. సంగతి విని, "మిస్క్యారేజా? ఎవరన్నారు? నీ డిశ్చార్జ్ సమ్మరీ ఏదీ?" అంది. బీరువాలోంచి తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఒక వరుస కింద గోటితో గీత గీసింది. 31 వారాల 4 రోజులు, డెలివర్డ్ ఎ స్టిల్‌బార్న్ ఫిమేల్ బేబీ. "ఇక్కడ డెలివర్డ్ అని ఉంది చూడు. బేబీ అని ఉంది చూడు. ఇది కడుపు పోవడం కాదే అమ్మాయ్, కాన్పు. దేనికి దానికే లెక్కలు వేరు. మీ ఆఫీసు వాళ్ళు చట్టం చదవలేదు" అంది.

ఆ రాత్రి మేమిద్దరం ఫోన్‌లో ప్రసూతి ప్రయోజన చట్టం తెరిచి కూర్చున్నాం. 1961 నాటిది. నేను జీఎస్టీ సర్క్యులర్లు చదివి చదివి అలవాటుపడ్డదాన్నే, కానీ అలాంటి భాషలో నా గురించి రాసి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. సెక్షన్ 3లో నిర్వచనాలు ఉంటాయి. అందులో 'బిడ్డ' అనే మాటకి చట్టం ఇచ్చిన అర్థం ఒకే ఒక్క వరుస: బిడ్డ అంటే మృతశిశువు కూడా. దాని కిందే 'కాన్పు' అంటే బిడ్డ పుట్టడం. ఇంకాస్త కిందకి వస్తే 'మిస్క్యారేజ్' అంటే 26వ వారం లోపు గానీ, 26వ వారంలో గానీ గర్భం పోవడం. అంటే 26 వారాలు దాటాక పుట్టిన బిడ్డ ఊపిరితో పుట్టినా, ఊపిరి లేకుండా పుట్టినా చట్టం దృష్టిలో అది కాన్పే. ఆమె తల్లే.

ఆ ఒక్క వరుస నేను ఎన్నిసార్లు చదివానో. అప్పటికి ఐదు వారాలుగా "జరిగింది మర్చిపో", "మళ్ళీ కడుపు పండుతుందిలే", "కాసుకోవడానికి రాలేదు, అప్పు తీర్చుకోవడానికి వచ్చింది" అనే మాటలే వింటున్నాను. 'పాప' అంటే జనం చూపు తిప్పుకునేవాళ్ళు. ఎప్పుడో నేను పుట్టక ముందు రాసిన చట్టంలో నా బిడ్డని బిడ్డ అన్నారు. పిన్ని ముందే ఏడ్చేశాను.

సరే, లెక్క ఇదీ (సెక్షన్ల నంబర్లు నా లెటర్ నాటి పాత చట్టానివి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కోడ్ సంగతి చివర్లో చెబుతాను). 26 వారాల లోపు గర్భం పోతే సెక్షన్ 9 కింద జీతంతో ఆరు వారాల సెలవు. 26 దాటితే సెక్షన్ 5 కింద పూర్తి ప్రసూతి సెలవు. అది 2017 సవరణ తర్వాత 26 వారాలు. ఇద్దరు పిల్లలు ఇప్పటికే బతికి ఉన్నవాళ్ళకి మాత్రం 12 వారాలు. రెండు చోట్లా 'ఇరవయ్యారు' వస్తుంది కాబట్టి కలగాపులగం చేసుకోవద్దు, ఒకటి గర్భం వయసు, ఇంకొకటి సెలవు పొడుగు. 'బతికి ఉన్న' అన్న మాటని కూడా గమనించండి. పోయిన బిడ్డని ఆ ఇద్దరిలో లెక్కపెట్టరు. రేపు మళ్ళీ కాన్పయితే అప్పుడు నీ వాటా తగ్గిపోయిందని ఎవరూ అనడానికి వీల్లేదు. కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి, అంతే. కాన్పయినా, గర్భం పోయినా తర్వాతి ఆరు వారాలు అసలు ఆమెని పనిలో పెట్టుకోకూడదు. ఆమె వస్తానన్నా పెట్టుకోకూడదు. ఆ తర్వాత త్వరగా వెళ్ళాలనుకుంటే వెళ్ళొచ్చు, అది ఆమె ఇష్టం. నాకు తెలిసిన ఒకావిడ రెండో నెలలోనే వెళ్ళిపోయింది, ఇంట్లో ఉండలేక. ఆవిడకి అదే మేలు చేసింది. కానీ ఆ నిర్ణయం ఆవిడ తీసుకోవాలి, హెచ్ఆర్ క్యాలెండర్ కాదు.

బిడ్డ పుట్టి కొన్నాళ్ళు బతికి పోతే ఏమిటి? మా మరదలి సంగతి ఇదే. సెలవు ఎంతకాలమో చెప్పే సెక్షన్ 5లో బిడ్డ చనిపోతే లెక్క మారే సందర్భం ఒక్కటే ఉంది: కాన్పులోనో ఆ తర్వాత సెలవులోనో తల్లి చనిపోయి, ఆ వెనకాలే బిడ్డ కూడా పోతే, బిడ్డ పోయిన రోజు వరకూ డబ్బు లెక్కకట్టి ఇవ్వాలి అని. తల్లి బతికి ఉండగా బిడ్డ పోతే సెలవు తగ్గించమని ఎక్కడా లేదు. బాబు నాలుగో రోజు పోయాడు కాబట్టి కాన్పు వెనక్కి వెళ్ళి మిస్క్యారేజ్ అయిపోదు. దానికి ఇదే మాట నాలుగుసార్లు చెప్పాను ఆ రాత్రి. "నిజమేనా వదినా?" అని ప్రతిసారీ అడిగింది.

నా లెటర్ మొదటి ప్రతి మొత్తం బతిమాలుడే. "దయచేసి నా పరిస్థితి అర్థం చేసుకుని, పెద్ద మనసుతో..." అని రాశాను. పిన్ని చదివి, "నువ్వు అడుక్కోవడం లేదు, తీసెయ్" అంది. చివరికి మిగిలింది ఇంతే, ఇంగ్లీషులో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"ఏప్రిల్ 11న నాకు 31 వారాల 4 రోజులకు కాన్పు జరిగింది. బిడ్డ మృతశిశువుగా పుట్టింది. డిశ్చార్జ్ సమ్మరీ జతచేశాను. ప్రసూతి ప్రయోజన చట్టం, 1961 సెక్షన్ 3 ప్రకారం బిడ్డ అంటే మృతశిశువు కూడా. 26 వారాలు దాటింది కాబట్టి ఇది మిస్క్యారేజ్ కాదు. నాకు వర్తించేది సెక్షన్ 9 కాదు, సెక్షన్ 5. దాని ప్రకారం 26 వారాల సెలవు, ఆ కాలానికి జీతం మంజూరు చేయగలరు."

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు హెచ్ఆర్ అమ్మాయి, "మేడమ్, మీరు ప్రసూతి సెలవుకి ముందుగా నోటీసు ఇవ్వలేదు కదా" అంది. దానికీ చట్టంలో జవాబు ఉంది: కాన్పుకి ముందు ఇవ్వకపోతే అయ్యాక వీలైనంత త్వరగా ఇవ్వొచ్చు, నోటీసు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో హక్కు పోదు. సెక్షన్ 6. అది రాసి పంపాను. ఒకవేళ అప్పటికీ కాదంటే లేబర్ ఆఫీసుకి వెళ్దామని పిన్ని అంది, వెళ్ళే అవసరం రాలేదు. వాళ్ళ పీఎఫ్, ఈఎస్ఐ చూసే కన్సల్టెంటుని అడిగారట, ఆయన నేను చెప్పిందే చెప్పాడట. పదో రోజున మంజూరు మెయిల్ వచ్చింది. ఆ అమ్మాయి విడిగా నాకు ఫోన్ చేసి, "సారీ అక్కా, నాకు తెలియదు. మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు" అంది. నేను ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆ సిస్టమ్‌లో లీవు రకాల్లో మెటర్నిటీ, మిస్క్యారేజ్ రెండే ఉన్నాయి. మెటర్నిటీ నొక్కితే పుట్టిన బిడ్డ బర్త్ సర్టిఫికెట్ పెట్టమంటుంది. ఎవరు నొక్కుతారు?

ఇంకో సంగతి కూడా ఉంది. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్ళకి, అంటే నెలకి 21,000 లోపు జీతం వాళ్ళకి, ప్రసూతి డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. నాలాగా అది దాటినవాళ్ళకి మొత్తం యజమాని జేబులోంచి ఇవ్వాలి. ఆరు నెలల జీతం చిన్న సంస్థకి చిన్న మాట కాదు, అది లెక్కలు చూసే నాకు తెలుసు. అందుకే ఎక్కడ సందు దొరికితే అక్కడ తగ్గించాలని చూస్తారు. ఆ భారం అందరి మీదా పంచే పద్ధతి ఉంటే ఇలాంటి బేరాలు ఉండవని నా గట్టి నమ్మకం.

జీతం పడిన మెసేజ్ వచ్చినప్పుడు మా ఇంట్లోనే ఒకావిడ, బంధువే, "చచ్చిన బిడ్డ పేరు మీద డబ్బులు తీసుకోవడం ఏమిటే" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు తిన్నది. నిజంగానే తప్పు చేస్తున్నానా అనిపించింది. ఆ డబ్బు ముట్టుకోలేదు ఒక నెల. చివరికి మా అమ్మ అంది, "ఆ డబ్బు దాని పేరు మీద రాలేదే. కన్న ఒంటికొచ్చింది. నీ ఒళ్ళు కోలుకోవడానికి వచ్చింది." అప్పటి నుంచీ ఎవరు ఏమన్నా పట్టించుకోలేదు.

ఆ ఆరు నెలల్లో నేను గొప్ప పనులేమీ చేయలేదు. మొదటి మూడు నెలలు నిద్రపోయాను. పగలు నిద్ర, రాత్రి మెలకువ. జూలైలో మొదటిసారి ఒంటరిగా పటమట రైతుబజారుకి వెళ్ళి టమాటాలు కొన్నాను, బిడ్డల్ని ఎత్తుకున్న తల్లుల్ని చూసి కూడా ఇంటిదాకా నడవగలిగాను. ఆగస్టులో లెక్కలు మళ్ళీ సరిగ్గా వేయడం వచ్చింది. అక్టోబరు రెండో వారంలో ఆఫీసుకి వెళ్ళాను. మే నెలలో వెళ్ళి ఉంటే ఉద్యోగం మానేసేదాన్ని, అది మాత్రం ఖాయం.

ఇప్పటిదాకా చెప్పింది నా సంగతి. మా ఆయన సంగతి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది.

ఆయన మెడికల్ రెప్. కంపెనీ వాళ్ళు ఆయనకి మూడు రోజులు ఇచ్చారు. ఆ మూడు రోజులకి కూడా యాప్‌లో అప్లై చేయాలి. చనిపోయిన వారితో సంబంధం అన్నచోట 'కూతురు' అని ఎంచుకున్నాడు. తర్వాత చనిపోయిన వారి పేరు అడిగింది. ఖాళీ వదిలితే ముందుకి పోవడం లేదు. మేం పేరు పెట్టలేదు కదా. ఆసుపత్రి వరండాలో నిలబడి, దాని చేతికి కట్టిన కాగితం మీద ఎలా ఉందో అలాగే "బేబీ ఆఫ్" అని కొట్టి, పక్కన నా పేరు రాశాడు. ఇది నాకు ఏడాది తర్వాత చెప్పాడు.

మూడు రోజుల్లో ఒకరోజు పాపని పూడ్చిపెట్టడానికే పోయింది. ఒకరోజు ఆసుపత్రి బిల్లులకి. నాలుగో రోజు ఆయన కాల్ లిస్టులో ఐదుగురు గైనకాలజిస్టులు. బ్యాగులో గర్భిణులకి ఇచ్చే ఐరన్, కాల్షియం శాంపిల్స్. నిండు నెలల ఆడవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూశాడు. సాయంత్రం రిపోర్టులో ఐదు కాల్స్ పూర్తయ్యాయని రాశాడు. ఇంటికొచ్చి నాకు కాయం ముద్ద పెట్టాడు. ఆయన ఎప్పుడు ఏడ్చాడో నాకు తెలియదు. బండి మీద ఏడ్చేవాణ్ణని, హెల్మెట్ ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదని తర్వాత అన్నాడు.

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి బిడ్డ పుట్టినా, పోయినా చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. బయట అంతా కంపెనీ దయ. తల్లికి ఇచ్చేది కూడా కన్న ఒంటికే గానీ, దుఃఖానికి కాదు. పదేళ్ళ కొడుకు పోతే? పదహారేళ్ళ కూతురు పోతే? ఆ తల్లికీ ఆ తండ్రికీ ఏ చట్టంలోనూ సెలవు లేదు. ఉన్న క్యాజువల్ లీవులు, అవి అయిపోతే జీతం కోత.

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి 2022 సెప్టెంబరు 2న ఒక ఉత్తర్వు వచ్చింది. 28 వారాలు దాటాక మృతశిశువు పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డ పోయినా 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు. ఇద్దరి కంటే తక్కువ పిల్లలు బతికి ఉన్నవాళ్ళకి, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో కాన్పయితేనే. బిడ్డ పోవడం తల్లి మనసు మీద ఎంత దెబ్బ కొడుతుందో ఆ ఉత్తర్వులోనే రాశారు. అలా రాయడం మంచిదే. కానీ బిడ్డ బతికితే 180 రోజులు, పోతే 60 రోజులు అన్న లెక్క నాకు మింగుడుపడలేదు. కుట్లకి తెలియదు కదా బిడ్డ బతికిందో లేదో.

మా ఆయన పెద్దనాన్న కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. మా సంగతి తెలిసి ఫోన్ చేసినప్పుడు, ఇక్కడైతే నీకు రెండు వారాలు వచ్చేవిరా అన్నాడు. అక్కడ 2020 ఏప్రిల్ 6 నుంచి ఒక చట్టం ఉంది, జాక్ పేరు మీద పిలుస్తారు. జాక్ హెర్డ్ అని 23 నెలల పిల్లాడు 2010లో ఇంటి చెరువులో పడి పోయాడు. వాళ్ళ నాన్నకి ఉద్యోగంలో ఇచ్చింది మూడు రోజులు, అందులో ఒకటి అంత్యక్రియలకే. ఇది విన్నప్పుడు మా ఆయన ఫోన్ నాకిచ్చి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళ అమ్మ లూసీ హెర్డ్ ఏళ్ళ తరబడి తిరిగి ఆ చట్టం సాధించింది. 18 ఏళ్ళ లోపు బిడ్డ పోయినా, 24 వారాలు దాటాక మృతశిశువు పుట్టినా తల్లికీ తండ్రికీ చెరి రెండు వారాలు. ఒకేసారి తీసుకోవచ్చు, ఒక్కో వారంగా విడగొట్టి 56 వారాల్లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఆ విడగొట్టుకునే వీలు ఎందుకు పెట్టారో బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళకే అర్థమవుతుంది. మా ఆయనకి కాళ్ళు చచ్చుబడింది మొదటి వారంలో కాదు. డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ జూన్ 9. ఆ రోజున.

న్యూజీలాండ్‌లో 2021 నుంచి గర్భం పోయినా తల్లికీ భర్తకీ జీతంతో మూడు రోజులు ఇస్తున్నారు. ఆస్ట్రేలియాలో 2025లో వచ్చిన చట్టం పేరు బేబీ ప్రియ చట్టం. ప్రియ 42 రోజులు బతికింది. పాప పోయిందని వాళ్ళమ్మ పనిచేసే చోట ఇచ్చిన ప్రసూతి సెలవు రద్దు చేశారు. ఇకమీదట అలా రద్దు చేయడానికి వీల్లేదని పార్లమెంటు చట్టం చేసింది. ఆ పేరు చదివినప్పుడు గుండె ఆగినంత పనైంది. మన ఇళ్ళలో పెట్టుకునే పేరు.

ఒక ముఖ్యమైన మాట. 2025 నవంబరు 21 నుంచి మన దగ్గర పాత 1961 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ప్రసూతి సంగతులు దాని ఆరో అధ్యాయంలో ఉన్నాయి. 26 వారాలూ, ఆరు వారాలూ, బిడ్డ అంటే మృతశిశువు కూడా అన్న అర్థమూ అలాగే ఉన్నాయి. కాబట్టి నా లెటర్‌ని ఇప్పుడు వాడుకునేవాళ్ళు పాత సెక్షన్ల బదులు కోడ్ పేరు రాయండి, సెలవు హక్కుకి సెక్షన్ 60 అని రాయండి. మా మరదలికి అలాగే మార్చి ఇచ్చాను. డిశ్చార్జ్ సమ్మరీలో ఎన్ని వారాలో, 'డెలివరీ' అన్న మాటా ఉందో లేదో ఆసుపత్రి వదలక ముందే చూసుకోండి. మృతశిశువు 28 వారాలు దాటితే జనన మరణాల రిజిస్ట్రేషన్‌లో దానికి విడిగా ఫారం 3 ఉంటుంది, అది నింపారా అని అడగండి. ఆ సమయంలో ఇవన్నీ మనకి తట్టవు. పక్కన ఉన్న అక్కో, పిన్నో, తమ్ముడో చూడాలి.

సోమవారం పొద్దున మా మరదలు మెయిల్ పంపింది. ఇంకా జవాబు రాలేదు. నిన్న మళ్ళీ మాట్లాడితే, లెటర్ గురించి అడగలేదు. "వదినా, మీ అన్నయ్య ఏం మాట్లాడటం లేదు. రోజూ షాపుకి వెళ్ళొస్తున్నారు, అన్నం తింటున్నారు, పడుకుంటున్నారు. ఒక్క మాట లేదు" అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. మా ఆయన విన్నాడు.

ఇవాళ ఆయన క్యాజువల్ లీవు పెట్టాడు. అడిగిన కారణం దగ్గర 'పర్సనల్' అని కొట్టాడు. క్యారియర్‌లో పప్పు, బీరకాయ కూర పెట్టమన్నాడు, ఇద్దరికీ సరిపడా. తొమ్మిదింటి బస్సుకి గుడివాడ వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే, "బావా నేనూ కాలవ గట్టున కూర్చున్నాం, సాయంత్రం వస్తా" అని పెట్టేశాడు.